పవర్ బటన్ నొక్కాక: హ్యాంగైన ల్యాప్‌టాప్, అనుమానపు డిస్క్

ల్యాప్‌టాప్ హ్యాంగైతే చాలామందికి తెలిసిన వైద్యం ఒక్కటే, పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. మళ్లీ ఆన్ అయిందా, గండం గడిచినట్టే. కాలేదా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కో ఊళ్లోని సర్వీస్ సెంటర్‌కో మోసుకెళ్లడమే. ఈ రెంటికీ మధ్య అడగాల్సిన ప్రశ్నలు నాలుగున్నాయి. అసలెందుకు ఆగింది? ఉన్నట్టుండి కరెంటు తీసేసినందుకు ఫైళ్ల పట్టిక చెదిరిందా? డిస్కే పోయే దశకు వచ్చిందా? దాచుకున్న ఫొటోలు, రాసుకున్న పత్రాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయా?

ఈ నాలుగింటికీ పరీక్షలు వేరు. ఒక పరీక్ష చేసి, అది పాసైతే మిగతా మూడింటికీ జవాబు దొరికిందనుకోవడం దగ్గరే చాలా నష్టాలు మొదలవుతాయి. గత మూడు దశాబ్దాల్లో ఇంజనీర్లు, పరిశోధకులు కూడబెట్టిన అనుభవాన్ని ఒకచోట పరిచి చూస్తే మరో సంగతి కూడా తేలుతుంది. ఈ పరీక్షలు ‘చెడింది’ అంటే గట్టిగా నమ్మాలి. ‘బాగుంది’ అంటే సగమే నమ్మాలి.

ఆగిపోవడంలో రకాలు

అన్ని హ్యాంగులూ ఒకటి కావు. అన్నిటికన్నా తేలికైనది ఒక ప్రోగ్రామ్ మాత్రమే బిగుసుకుపోవడం. విండోస్‌లో ఏదైనా కిటికీ అయిదు సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకపోతే సిస్టమే దాని తలమీద ‘నాట్ రెస్పాండింగ్’ అని రాసేస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి ఆ ఒక్కదాన్ని ముగిస్తే సరిపోతుంది. మ్యాక్‌లో ఆప్షన్, కమాండ్, ఎస్కేప్ నొక్కితే అదే పని జరుగుతుంది. ఇలాంటిదానికి పవర్ బటన్ దాకా పోనక్కర్లేదు.

రెండో రకం మెమరీ కరువు. ర్యామ్ నిండిపోతే సిస్టమ్ కొంత సరుకును డిస్క్ మీది ‘స్వాప్’ అనే చోటికి దించి, అవసరమైనప్పుడు మళ్లీ పైకి తెచ్చుకుంటుంది. దించడానికీ ఎక్కించడానికే కాలమంతా పోయి అసలు పని ముందుకు సాగని స్థితిని పీటర్ డెన్నింగ్ 1968లోనే ‘థ్రాషింగ్’ పేరుతో విశ్లేషించాడు. యాభై ఏళ్లు దాటినా ఆ జబ్బు పోలేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ యంత్రంలో స్వాప్ ఆపేసి, బ్రౌజర్లో ట్యాబులు ఒక్కొక్కటే తెరుస్తూ పోతే ఏదో ఒకచోట మౌస్ కూడా కదలని స్థితి వస్తుందని 2019 ఆగస్టులో లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ డెవలపర్ల మధ్య పెద్ద చర్చే నడిచింది. స్వాప్ లేకపోతే డిస్క్‌తో పనేముంది అనిపిస్తుంది. కానీ చోటు కోసం నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్‌నే ర్యామ్ నుంచి తీసేసి, మరుక్షణమే డిస్క్ నుంచి మళ్లీ చదువుకోవలసి వస్తుంది. డిస్క్ లైటు ఆగకుండా వెలగడానికి కారణం అదే.

దీనికి మందులు వరసగా వచ్చాయి. ఒత్తిడి ఎంతుందో కొలిచే పీఎస్‌ఐ అనే ఏర్పాటు 2018 చివర్లో 4.20 కెర్నల్లో చేరింది. ఊపిరాడని స్థితికి ముందే పెద్ద ప్రోగ్రామును చంపేసే ఎర్లీఊమ్‌ను లినక్స్ పంపిణీల్లో ఒకటైన ఫెడోరా 2020లో తన 32వ వెర్షన్లో తానుగా ఆన్ చేసి ఇచ్చింది. తర్వాతి ఏడాది ఫెడోరా 34, ఆపైన మరో పంపిణీ ఉబుంటు 22.04 అలాంటిదే అయిన సిస్టమ్‌డీ-ఊమ్‌డీకి మారాయి. 2022 చివరి 6.1 కెర్నల్లో మెమరీ పేజీలను ఎంచే కొత్త పద్ధతి చేరింది. ఫలితం కనిపించింది కానీ కొత్త ఫిర్యాదూ వచ్చింది. పని మధ్యలో బ్రౌజర్ చప్పుడు లేకుండా మాయమవుతోందని ఉబుంటు 22.04 వాడినవాళ్లు గోలపెట్టారు. యంత్రం మొత్తం ఆగడమా, ఒక ప్రోగ్రామును బలివ్వడమా అన్నది ఇంకా తెగని తగవే. డిస్క్ విషయానికి వస్తే రెండోదే మేలు. పవర్ బటన్ నొక్కాల్సిన అవసరం తప్పుతుంది కదా.

మూడోది బొమ్మ మాత్రమే ఆగిపోవడం. పాట నడుస్తూనే ఉంటుంది, స్క్రీన్ కదలదు. తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. విస్టా కాలం నుంచి విండోస్ ఈ డ్రైవర్‌కు రెండు సెకన్ల గడువిచ్చి, పలకకపోతే దాన్ని తిరిగి లేపుతుంది. మనమే లేపాలంటే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కాలి. చాలామందికి తెలియని ఈ మీట ఎన్నో బలవంతపు షట్‌డౌన్లను తప్పించగలదు.

నాలుగో రకమే ఈ వ్యాసానికి ప్రాణం. మౌస్ కదులుతుంది, గడియారం నడుస్తుంది, కానీ ఏ ఫోల్డర్ నొక్కినా తెరుచుకోదు. అర నిమిషం, నిమిషం గడిచాక అన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. హార్డ్ డిస్క్‌లో ఒక సెక్టార్ సరిగా చదవరాకపోతే డిస్క్ ఓటమి ఒప్పుకోదు, దాన్నే పదేపదే చదవడానికి చూస్తుంది. లినక్స్ మామూలుగా ఒక్కో ఆదేశానికి 30 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ సమయంలో డిస్క్ కోసం కాచుకున్న ప్రోగ్రామును చంపమన్నా చావదు. ఇలా ఆగి, మళ్లీ కదిలే యంత్రాన్ని ‘కాస్త స్లో అయింది’ అని సరిపెట్టుకుంటారు. డిస్క్ ఇచ్చే తొలి హెచ్చరిక తరచుగా ఇదే.

చిప్పులు విద్యుత్తు ఆదా చేసే నిద్రలోంచి సరిగా లేవకపోవడం అయిదోది. ఇంటెల్ బే ట్రెయిల్ చిప్పులున్న చవక ల్యాప్‌టాపుల్లో లినక్స్ ఉన్నట్టుండి గడ్డకట్టుకుపోవడం ఏళ్లపాటు తలనొప్పిగా ఉంది. లోతైన నిద్రను నిషేధించే ఒక బూట్ సెట్టింగే అప్పట్లో ఉపాయం. 2017లో లినక్స్ 4.11 కెర్నల్ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలను తనంతట తాను నిద్రపుచ్చడం మొదలుపెట్టాక కొన్ని మోడళ్లలో అదే తంతు నడిచింది. అక్కడ డిస్క్ పోలేదు, నిద్ర లేవలేదంతే.

ఎండ సంగతీ చూడాలి. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల వేసవి మధ్యాహ్నం 45 డిగ్రీలు కొత్త కాదు. ఆపిల్ తన ల్యాప్‌టాపులను 35 డిగ్రీల దాకానే వాడమంటుంది. అయితే వేడెక్కిన ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది, హద్దు దాటితే యంత్రమే ఆరిపోతుంది. కాబట్టి నెమ్మదించి నెమ్మదించి ఆరిపోతే వేడిని అనుమానించాలి. ఉన్న బొమ్మ ఉన్నట్టే నిలిచిపోతే ముందు వేరే కారణాలు వెతకాలి.

ఆపడానికీ ఒక పద్ధతుంది

ఏ హ్యాంగో తెలియనప్పుడు చేయాల్సిన మొదటి పని క్యాప్స్ లాక్ నొక్కి చూడటం. లైటు వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ ఇంకా బతికే ఉందన్నమాట. అప్పుడు కొన్ని నిమిషాలు ఆగడంలో అర్థముంది. ఆ వ్యవధిలో డిస్క్‌కు రాయాల్సినవి రాసుకునే అవకాశం దొరుకుతుంది. లైటు పలకకపోయినా, డిస్క్ లైటు ఉన్న ల్యాప్‌టాపుల్లో అది ఆరేదాకా చూడటం మంచిది.

తర్వాత మెత్తని మార్గాలు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలయికను 1981 నాటి ఐబీఎం పీసీ కోసం డేవిడ్ బ్రాడ్లీ రూపొందించాడు. అప్పట్లో అది యంత్రాన్ని నేరుగా రీబూట్ చేసేది. నేటి విండోస్‌లో అదొక సురక్షిత తెరను తెస్తుంది, ఆ తెర మూలనున్న పవర్ గుర్తు నుంచి రీస్టార్ట్ చేయొచ్చు. లినక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే అక్షరాల తెర ఒకటి వస్తుంది. అక్కడ లాగిన్ అయి తప్పుచేస్తున్న ప్రోగ్రామును ఆపొచ్చు. అదీ రాకపోతే కెర్నల్‌తో నేరుగా మాట్లాడే సిస్‌ఆర్‌క్యూ మీట ఉంది. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ రెండూ పట్టుకుని ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ అక్షరాలను కాస్త ఎడమిస్తూ నొక్కాలి. కీబోర్డును విడిపించడం, ప్రోగ్రాములను మర్యాదగా ముగించమనడం, వినని వాటిని చంపడం, మిగిలిన సమాచారాన్ని డిస్క్‌కు పంపడం, డిస్క్‌ను చదవడానికే పరిమితం చేయడం, చివరగా రీబూట్ చేయడం: వరస ఇది. ఉబుంటు భద్రత కోసం వీటిలో ఆఖరి మూడింటికే మామూలుగా అనుమతిస్తుంది. డిస్క్‌ను కాపాడటానికి ఆ మూడే ముఖ్యం.

ఇవేవీ పనిచేయనప్పుడే పవర్ బటన్. సిస్టమ్ మాట వినకపోయినా నాలుగు సెకన్లకు పైగా నొక్కి ఉంచితే హార్డ్‌వేరే కరెంటు తీసేయాలన్నది విద్యుత్ నిర్వహణకు సంబంధించిన ఏసీపీఐ ప్రమాణంలోని ఏర్పాటు. కొన్ని యంత్రాల్లో పది సెకన్ల దాకా పడుతుంది. తిరిగి ఆన్ అయ్యాక విండోస్ వాడేవాళ్లు గమనించాల్సిన తిరకాసు ఒకటుంది. విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల ‘షట్ డౌన్’ నొక్కినా కెర్నల్ స్థితి ఫైల్లో భద్రమై, మర్నాడు అదే తిరిగి లేస్తుంది. సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే ‘రీస్టార్ట్’ నొక్కాలి. రాత్రి ఆపి పొద్దున ఆన్ చేసినా అదే జబ్బు తిరగబెడుతోందని వాపోయేవాళ్లలో కొందరికి ఇదే విరుగుడు.

కరెంటు పోయిన క్షణంలో

‘సేవ్’ నొక్కగానే ఫైలు డిస్క్‌లోకి చేరిందని అనుకుంటాం. చేరదు. ముందు ర్యామ్‌లో కూర్చుని వంతు కోసం చూస్తుంది. లినక్స్‌లో మామూలు అమరికల ప్రకారం ఈ నిరీక్షణ అర నిమిషం దాకా సాగొచ్చు. ఆ తర్వాత డిస్క్ సొంత క్యాష్‌లో ఇంకొంతసేపు. బటన్ నొక్కే ముందు కాసేపు ఆగమనడం అందుకే.

ఇక ఫైళ్ల పట్టిక. ఒక ఫైలు చేర్చాలంటే పేరు, చోటు, పరిమాణం మూడుచోట్ల రాయాలి. మధ్యలో కరెంటు పోతే మూడూ పొంతన కుదరవు. పాత యూనిక్స్‌లో ప్రతి క్రాష్ తర్వాతా ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రామ్ డిస్కంతా తిరిగి లెక్క సరిచూసేది. డిస్కులు పెద్దవయ్యేకొద్దీ అది గంటల పనైంది. దాంతో జర్నలింగ్ వచ్చింది. కొట్టు యజమాని ముందు చిట్టాలో రాసుకుని తర్వాత ఆవర్జాలోకి ఎక్కించినట్టు, చేయబోయే మార్పును ముందు ఒక పక్క రాసుకుని ఆపైన అసలు పట్టికలో చేయడం. మధ్యలో ఆగినా చిట్టా చూసి పూర్తి చేయొచ్చు. 1990లో ఐబీఎం ఏఐఎక్స్‌లో జేఎఫ్‌ఎస్, 1993లో విండోస్ ఎన్‌టీతో ఎన్‌టీఎఫ్‌ఎస్, 2001లో లినక్స్‌లో ఈఎక్స్‌టీ3, 2002లో మ్యాక్ ఈ దారి పట్టాయి. 2017లో మ్యాక్‌కు వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ చిట్టాకు బదులు పాతదాన్ని చెరపకుండా కొత్తచోట రాసే పద్ధతి ఎంచుకుంది.

అయితే జర్నలింగ్ కాపాడేది పట్టికను. అందులోని సరుకుకు పూచీ ఇవ్వదు. ఈ తేడా 2009లో బట్టబయలైంది. ఉబుంటు 9.04 పరీక్షా దశలో ఉండగా ఈఎక్స్‌టీ3 తర్వాతి తరమైన ఈఎక్స్‌టీ4 వాడినవాళ్లకు క్రాష్ తర్వాత డెస్క్‌టాప్ సెట్టింగుల ఫైళ్లు పేర్లతో సహా ఉన్నాయి, పరిమాణం మాత్రం సున్నా. ఫైల్ సిస్టమ్ దృష్టిలో అంతా సవ్యమే. ఈఎక్స్‌టీ3 అయిదు సెకన్లకోసారి రాసేయడం వల్ల తప్పిన ప్రమాదం, చోటు కేటాయింపునే వాయిదా వేసే ఈఎక్స్‌టీ4లో బయటపడింది. తప్పు ఫైల్ సిస్టమ్‌ది కాదని, ముఖ్యమైన ఫైలు రాసినప్పుడు ఎఫ్‌సింక్ అనే ఆదేశంతో డిస్క్‌కు చేరిందని నిర్ధారించుకోవలసింది ప్రోగ్రాములేనని ఈఎక్స్‌టీ4 నిర్మాత థియోడర్ త్సో వాదించాడు. న్యాయం అతని వైపే ఉన్నా వాడుకరులు నష్టపోతున్నారు కాబట్టి 2.6.30 కెర్నల్లో సర్దుబాట్లు చేరాయి. అంతకు ముందు ఏడాదే ఫైర్‌ఫాక్స్ 3 బుద్ధిమంతురాలిలా ఎఫ్‌సింక్ చేసినందుకు ఈఎక్స్‌టీ3 మీద బ్రౌజర్ సెకన్ల తరబడి బిగుసుకుపోయింది. భద్రత కోరితే హ్యాంగు, వేగం కోరితే నష్టం: మధ్యేమార్గం కోసం వెతుకులాట ఇంకా సాగుతూనే ఉంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు కాబట్టి కరెంటు పోయినా భయం లేదన్నది మరో అపోహ. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 2013లో అయిదు కంపెనీల 15 ఎస్‌ఎస్‌డీలకు పదేపదే కరెంటు తీసి చూశారు. 13 ఏదో ఒక రకంగా తప్పటడుగు వేశాయి. కొన్నింటిలో బిట్లు మారాయి, కొన్నింటిలో రాత సగంలో తెగింది, ఒకటైతే పూర్తిగా చచ్చిపోయింది. ఎస్‌ఎస్‌డీ తన సొంత చిరునామాల పటాన్ని లోపల నడుపుకుంటుంది. అది చెదిరితే మనమెన్నడూ ముట్టని పాత ఫైలు కూడా దెబ్బతినొచ్చు. ఎన్‌వీఎంఈ డిస్కులు ‘అన్‌సేఫ్ షట్‌డౌన్స్’ అని ఒక లెక్క రాసి పెట్టుకుంటాయి. మన పవర్ బటన్ పాపాల చిట్టా అక్కడే ఉంటుంది.

పట్టిక పరీక్ష

క్రాష్ తర్వాత విండోస్ తనంతట తాను చేసేది చెక్‌డిస్క్. ఏ మీటా లేకుండా నడిపితే చూసి చెబుతుంది. ‘స్లాష్ ఎఫ్’ కలిపితే దిద్దుతుంది. ‘స్లాష్ ఆర్’ కలిపితే ప్రతి సెక్టారునూ చదువుతుంది, పెద్ద హార్డ్ డిస్క్‌లో దానికి గంటలు పడుతుంది. 2012లో విండోస్ 8తో ఈ వ్యవహారం చాలా తేలికపడింది. ‘స్లాష్ స్కాన్’ పని సాగుతుండగానే లోపాలు వెతికి చీటీ రాసిపెడుతుంది, రీబూట్‌లో ఆ చోట్లనే దిద్దుతారు. అందువల్ల ఆగాల్సిన సమయం డిస్క్ సైజును కాక లోపాల సంఖ్యను బట్టి ఉంటుంది. మామూలు అనుమానానికి ఇదే చాలు.

లినక్స్‌లో నడుస్తున్న రూట్ విభాగాన్ని ఎఫ్‌ఎస్‌సీకేతో దిద్దకూడదు. మౌంట్ అయి ఉన్న పట్టికను రెండు చేతులు ఒకేసారి మార్చితే బాగున్నదీ చెడుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ సిస్టమ్ బూట్ చేసి, విభాగాన్ని అన్‌మౌంట్ చేసి, ‘మైనస్ ఎఫ్’ ఇచ్చి పూర్తి తనిఖీ చేయించాలి. ఆ మీట లేకపోతే చిట్టా శుభ్రంగా ఉందన్న ఒక్క కారణంతో రెండు సెకన్లలో ‘క్లీన్’ అని చెప్పి తప్పుకుంటుంది. మ్యాక్‌లో రికవరీ నుంచి డిస్క్ యుటిలిటీ తెరిచి ఫస్ట్ ఎయిడ్ నడపాలి.

దిద్దే పనిముట్టే దెబ్బతీసిన సందర్భాలూ ఉన్నాయి. 2020 డిసెంబర్ నాటి విండోస్ 10 అప్‌డేట్ తర్వాత కొద్ది యంత్రాల్లో చెక్‌డిస్క్ ‘స్లాష్ ఎఫ్’ నడపగానే ఫైల్ సిస్టమ్ దెబ్బతిని బూట్ కాకుండా పోయింది. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని సరిచేసింది. అరుదైనదే అయినా పాఠం పెద్దది. మరమ్మతు అంటే డిస్క్ మీద రాయడమే, రాసే ముందు కాపీ ఉండాలి.

ఇంకో పరిమితి మరీ లోతైనది. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4, ఏపీఎఫ్‌ఎస్ మామూలుగా ఫైళ్లలోని సమాచారానికి చెక్‌సమ్ (మారితే పట్టిచ్చే సరిచూపు అంకె) దాచవు. కాబట్టి పెళ్లి ఫొటోలో సగం బూడిదరంగుగా మారినా చెక్‌డిస్క్ ‘ఏ లోపమూ లేదు’ అనే అంటుంది. సమాచారానికి కూడా చెక్‌సమ్ దాచేవి జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్. 2020లో ఫెడోరా 33 బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను డెస్క్‌టాప్‌కు ప్రమాణంగా తీసుకుంది. అందులో ‘స్క్రబ్’ నడిపితే చెడిన ఫైళ్లు ఏవో తెలుస్తాయి. నాలుగో ప్రశ్నకు యంత్రం నేరుగా జవాబివ్వగల చోటు ల్యాప్‌టాపుల్లో దాదాపు ఇదొక్కటే.

డిస్క్ నాడి

డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే లెక్కకట్టే స్మార్ట్ విధానానికి 1990ల మొదట్లో ఐబీఎం, 1995లో కాంపాక్ చేసిన ప్రయత్నాలు పునాది. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ ఈ లెక్కలు చూపిస్తాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్‌ను 2002లో మొదలుపెట్టిన బ్రూస్ ఆలెన్ గురుత్వ తరంగాలను వెతికే భౌతికశాస్త్రవేత్త. తన కంప్యూటర్ల దండులో డిస్కులు ముందుగా చెప్పకుండా పోతుంటే పుట్టిన పనిముట్టు అది.

ఇక్కడ ‘పాస్డ్’ అన్న ఒక్క మాట చూసి తృప్తి పడటం పెద్ద పొరపాటు. తయారీదారు పెట్టిన హద్దు దాటితేనే ఆ మాట మారుతుంది. హద్దులు చాలా ఉదారంగా ఉంటాయి. చూడాల్సింది లోపలి ముడి అంకెలను. పెద్ద ఎత్తున డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ అయిదింటిని ఎంచింది: 5వ వరసలో వేరేచోటికి మార్చిన సెక్టార్లు, 187లో సరిదిద్దలేని తప్పులు, 188లో గడువు తీరిన ఆదేశాలు, 197లో తేలని సెక్టార్లు, 198లో ఆఫ్‌లైన్ తనిఖీలో చదవరానివి. 2016లో వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం పోయిన డిస్కుల్లో 76.7 శాతానికి ఈ అయిదింటిలో కనీసం ఒకటి సున్నాను మించి ఉంది, పనిచేస్తున్నవాటిలో 4.2 శాతానికే ఉంది. హెచ్చరికగా బలమైనదే. కానీ మిగిలిన 23.3 శాతం ఈ అయిదింటిలో ఏ సూచనా లేకుండానే పోయాయి.

2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా మామూలు హార్డ్ డిస్కులను పరిశీలించి ఇదే సంగతిని ఇంకా నిక్కచ్చిగా చెప్పారు. తొలి స్కాన్ తప్పు కనిపించిన డిస్క్ ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటికన్నా 39 రెట్లు. అయినా పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా బలమైన నాలుగు సూచనల్లో ఒక్కటీ చూపలేదు. వేడికీ డిస్క్ మరణానికీ అనుకున్నంత సంబంధం లేదని కూడా వాళ్లు తేల్చారు. అదే ఏడాది కార్నెగీ మెలన్‌కు చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ చూపిన లెక్కల్లో ఏటా 2 నుంచి 4 శాతం డిస్కులను మార్చడం మామూలు, కొన్నిచోట్ల 13 శాతం దాకా. పది లక్షల గంటల ఆయుష్షు అని రాసిన కాగితాలు చెప్పిన శాతం ఒకటికి లోపే.

ఎస్‌ఎస్‌డీల మీద 2016లో ష్రోడర్ బృందం గూగుల్ డేటాతో చేసిన అధ్యయనం ఇంకో చిత్రాన్నిచ్చింది. వాటిని మార్చాల్సిన అవసరం హార్డ్ డిస్కుల కన్నా తక్కువే. కానీ నాలుగేళ్లలో 20 నుంచి 63 శాతం ఎస్‌ఎస్‌డీలు కనీసం ఒక్కసారైనా సరిదిద్దలేని తప్పు చేశాయి. డిస్క్ బతికే ఉంటుంది, లోపలి ఫైలు ఒకటి పోతుంది. విండోస్ 11 సెట్టింగుల్లో స్టోరేజ్ కింద ఎన్‌వీఎంఈ డిస్క్ మిగిలిన ఆయుష్షు, విడి నిల్వ, వేడి చూపిస్తుంది. వీటితో పాటు ‘మీడియా ఎర్రర్స్’ అంకెను వేరే పనిముట్టుతో చూడాలి. అది సున్నా దాటి పెరుగుతుంటే మిగతా శాతాలు ఎంత బాగున్నా లాభం లేదు.

కొన్నిసార్లు జబ్బు డిస్క్‌ది కాదు, దాని లోపలి ఫర్మ్‌వేర్‌ది. క్రూషియల్ ఎం4 అనే ఎస్‌ఎస్‌డీ 5,184 గంటలు నడవగానే బిగుసుకుపోయేది. ఆపి ఆన్ చేస్తే లేచేది, ఆపైన గంటకోసారి అదే వరస. స్మార్ట్ లెక్కల్లో తప్పు వల్ల వచ్చిన ఆ దోషానికి 2012 జనవరిలో కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది. హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ అమ్మిన కొన్ని ఎస్‌ఎస్‌డీలు 32,768 గంటలకు శాశ్వతంగా మూగబోతాయని 2019లో ఆ సంస్థే హెచ్చరించింది. 2023లో శామ్‌సంగ్ 980 ప్రో డిస్కులు కొన్ని చదవడానికే పరిమితమైపోతుంటే మళ్లీ ఫర్మ్‌వేరే దిక్కైంది. డిస్క్ మార్చే ముందు తయారీదారు సైటులో కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూడటం ఖర్చులేని పని. కాకపోతే ముందు కాపీ తీసుకోవాలి.

ముందు కాపీ, తర్వాతే వైద్యం

ఈ అనుభవాలన్నీ ఒక వరసను సూచిస్తున్నాయి. మన అలవాటు దానికి సరిగ్గా తలకిందులు. మనం ముందు మరమ్మతు చేస్తాం, తర్వాత కారణం వెతుకుతాం, అన్నీ విఫలమయ్యాక కాపీ గుర్తొస్తుంది.

యంత్రం తిరిగి లేవగానే మొదట ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్క్‌కు చేర్చాలి. తర్వాత స్మార్ట్ ముడి అంకెలు చూసి, డిస్క్ తనను తాను పరీక్షించుకునే షార్ట్ టెస్ట్, వీలైతే రాత్రి లాంగ్ టెస్ట్ పెట్టాలి. అంకెలు శుభ్రంగా ఉంటేనే ఫైల్ సిస్టమ్ తనిఖీకి వెళ్లాలి. 5, 197, 198 లాంటివి సున్నా దాటితే చెక్‌డిస్క్ ‘స్లాష్ ఆర్’ నడపనే కూడదు. పోతున్న డిస్క్‌తో గంటల తరబడి కసరత్తు చేయించడం దాని మిగిలిన ఊపిరి తీయడమే. అలాంటప్పుడు గ్నూ డీడీరెస్క్యూ పనికొస్తుంది. అది ముందు తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ కాపీ చేసి, మొండి సెక్టార్లను చివరికి వదిలేస్తుంది. ఎంతదాకా వచ్చిందో ఒక ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా అక్కడి నుంచే సాగుతుంది. ఆపైన ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే చేసుకోవచ్చు.

షాపుకు తీసుకెళ్లే ముందు చూసుకోవలసినది ఒకటుంది. విండోస్ 11 24హెచ్2 కొత్తగా ఎక్కించిన చాలా యంత్రాల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతోంది. డిస్క్ ఊడదీసి మరో యంత్రానికి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ముందే చూసి రాసిపెట్టుకోకపోతే డిస్క్ ఆరోగ్యంగా ఉన్నా ఫైళ్లు దక్కవు. స్టోరేజ్ మదర్‌బోర్డుకే అతికి ఉన్న ల్యాప్‌టాపుల్లో ఊడదీసే అవకాశమే లేదు. బోర్డు పోతే డిస్కూ పోయినట్టే.

డిస్క్ అంకెలు, పట్టిక రెండూ బాగుండి హ్యాంగులు ఆగకపోతే అనుమానం ర్యామ్ మీదికి తిప్పాలి. చెడిన ర్యామ్ డిస్క్ తప్పులను అచ్చంగా అనుకరిస్తుంది. తప్పు సమాచారాన్ని డిస్క్ నమ్మకంగా రాసిపెడుతుంది, పట్టిక పదేపదే చెడుతుంది. మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను ఒక రాత్రి నడిపితే చాలావరకు తేలుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్-పవర్ 41 చూసి కంగారుపడనక్కర్లేదు. యంత్రం సరిగా ముగియకుండా ఆరిందని మాత్రమే దానర్థం. పవర్ బటన్ నొక్కింది మనమే కాబట్టి ఆ సంగతి మనకు తెలుసు. దానికి ముందు నిమిషాల్లో డిస్క్ పేరుతో వచ్చిన హెచ్చరికలు ఏవైనా ఉంటే వాటికి విలువుంది.

ఇంత తతంగం మామూలు వాడుకరి మీద ఎందుకు పడాలన్నది న్యాయమైన ప్రశ్న. బ్యాటరీ ఆరోగ్యాన్ని శాతాల్లో చూపే యంత్రాలు డిస్క్ ముడి అంకెలను మాత్రం విడి పనిముట్లకు వదిలేస్తున్నాయి. ‘అన్‌సేఫ్ షట్‌డౌన్’ జరిగిన తర్వాత ‘ముందు కాపీ తీసుకోండి’ అని ఒక్క వాక్యం చూపడానికి ఏ సాంకేతిక అడ్డంకీ లేదు. దానికి బదులు ‘మీ డిస్క్‌ను రిపేర్ చేస్తున్నాం’ అన్న తెర వస్తుంది, అడగకుండానే రాయడం మొదలవుతుంది. సమాచారానికి చెక్‌సమ్ దాచే ఫైల్ సిస్టమ్‌లు ల్యాప్‌టాపుల్లో ప్రమాణంగా మారనంత కాలం నాలుగో ప్రశ్నకు జవాబు మన చేతుల్లోనే ఉంటుంది. దాచుకున్న కాపీని అప్పుడప్పుడు తెరిచి, ఫొటోలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోవడమే ఆ జవాబు.

నిర్ణయానికి వస్తే లెక్క తేలికే. ముడి అంకెలు సున్నా దాటి వారం వారం పెరుగుతుంటే డిస్క్ మార్చేయాలి, ‘పాస్డ్’ అన్న మాట చూసి ఆగకూడదు. అంకెలు కదలక హ్యాంగులే వస్తుంటే డబ్బు డిస్క్ మీద కాక ర్యామ్, డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ వెతుకులాట మీద పెట్టాలి. గూగుల్ లెక్కలో సగానికి పైగా డిస్కులు ముఖ్యమైన హెచ్చరికలేవీ లేకుండానే పోయాయి కాబట్టి, ఈ రెండు దారుల్లో దేనిలో నడిచినా బయటి డిస్క్‌లో కాపీ ఉండి తీరాలి.